అప్పటికి ఇప్పుడే

మా ఇంట్లో ఉదయం ఎనిమిదింటికి ఫోన్‌లో పూజగంట మోగుతుంది. మొదట్లో అలారంగా నా గొంతే పెట్టాను, "అమ్మా, మాత్ర వేసుకో" అని. అది వినపడగానే అమ్మ బెదిరిపోయి గదులన్నీ వెతికేది. "ఎవరో ఆడమనిషి పిలుస్తోంది, మనిషి కనపడటం లేదు" అనేది. నాలుగు రోజులు చూసి ఆ గొంతు తీసేశాను. మా పూజగదిలో గంట నేనే వాయించి ఆ చప్పుడు ఫోన్‌లోకి ఎక్కించాను. ఇప్పుడు గంట వినగానే అమ్మ ఎక్కడున్నా వచ్చి పీట మీద కూర్చుని, కుడి అరచెయ్యి గుంట చేసి చాపుతుంది. ఉద్ధరిణితో తీర్థం పోస్తాను. అది పుచ్చుకున్నాక అదే చేతిలో మాత్ర పెడతాను. మాత్ర అని చెప్పే పెడతాను. నలిపి తీర్థంలో కలిపెయ్యమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. బతుకంతా నమ్మకంతో చాపిన చెయ్యి అది. ఆ చేతిని మోసం చెయ్యడం నా వల్ల కాదు.

అమ్మకిప్పుడు 82. అల్జీమర్స్ అని తేల్చి ఆరేళ్ళవుతోంది. ఆ రోజు డాక్టరుగారు కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమన్నారు. అమ్మ గుండ్రంగా గీత గీసి, పన్నెండు అంకెలూ కుడివైపునే ఒకదాని కింద ఒకటి పేర్చింది. పేర్చి, పని పూర్తయినట్టు తృప్తిగా నా వైపు చూసింది. ఆటోలో ఇంటికొస్తూ ముడసర్లోవ దాటాక నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, అన్నీ మర్చిపోతానన్నారు కదా. స్వామి పేరు కూడానా?"

"అలాంటిదేం ఉండదమ్మా" అన్నాను. నాకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, పురాణాలూ శతకాలూ నోటికి వచ్చినదాన్ని, ఆ ఆటోలో ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అమ్మ భయం ఎక్కడిదో నాకు తెలుసు. దేహం విడిచేటప్పుడు దేన్ని తలుచుకుంటే దాన్నే చేరతారని గీత ఎనిమిదో అధ్యాయం. మాది సింహాచలం కొండ కింద అడవివరం, వైష్ణవుల ఇల్లు. ఆ ఒక్క క్షణం కోసమే అమ్మ జీవితమంతా కూడబెట్టుకుంది. ధనుర్మాసంలో ముప్పై పాశురాలు, ఆషాఢ పౌర్ణమికి ముందురోజు కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, పొద్దున లేస్తూనే దాశరథీ శతకం. నాలుక అలవాటు పడితే ఆ వేళకు దానంతటదే వస్తుందని ఆమె ధీమా. ఇప్పుడు ఆ కూడబెట్టినదంతా దాచుకున్న చోటే కారిపోతోందని చెప్పారు. గీత రెండో అధ్యాయంలో ఇంకో వరుస ఉంది: మోహం వల్ల స్మృతి చెదురుతుంది, స్మృతి చెదిరితే బుద్ధి, బుద్ధి పోతే మనిషే నాశనం. అది విషయాల వెంట పడి కోపానికి లొంగినవాడి గురించి చెప్పిన మాటేగానీ జబ్బు మనిషి గురించి కాదు. ఆ తేడా బుర్రకు తెలుసు. రాత్రిళ్ళు మాత్రం ఆ వరుసే చెవిలో మోగేది.

2023లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని లెక్క కట్టింది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువట. ఇంతమందిలో జబ్బు తొలిరోజుల్లో, ఇంకా తెలివి ఉండగా, మా అమ్మలా దేవుడి పేరు గురించి దిగులుపడ్డవాళ్ళు ఎందరో. వాళ్ళకు ఎవరేం చెప్పారో.

నాకు జవాబు దొరికింది మా కొండ మీదే. సింహాచలం స్వామి వరాహ నరసింహుడు. భూదేవికి ఆ వరాహమూర్తి చెప్పినట్టుగా మా సంప్రదాయంలో ఒక చరమశ్లోకం ఉంది. నాన్నగారు రోజూ చదివేవారు, చిన్నప్పుడే నాకూ నోటికి వచ్చింది. అర్థం మీద మనసు పెట్టింది మాత్రం అమ్మ మంచం పక్కన కూర్చున్నాకే. ఒళ్ళు, మనసు కుదురుగా ఉన్న రోజుల్లో నన్ను తలుచుకున్నవాడు చివరికి కట్టెలా రాయిలా పడి ఉంటే, అప్పుడు వాణ్ణి నేను తలుచుకుంటాను, నేనే తీసుకుపోతాను అని దాని భావం. తలుచుకోవలసిన బాధ్యత చేతులు మారిపోయింది. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకుని ఉండాలి, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని పోతుంది అని వైష్ణవులు రెండు దారులు చెబుతారు. వందల ఏళ్ళుగా ఈ రెంటి మీద వాదాలున్నాయి. మా అమ్మ ఎనభై ఏళ్ళు కోతిపిల్ల. ఇప్పుడు పట్టు జారింది.

నేను ఆ శ్లోకం అర్థం చెప్పేసరికి అమ్మకు అది అందే దశ దాటిపోయింది. ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

సరే, పెరుమాళ్ళు తలుచుకుంటాడు. గ్యాస్ నాబ్ కట్టేశామా లేదా అని ఎవరు తలుచుకోవాలి? మధ్యాహ్నం భోజనం అయిందని, అయినా మళ్ళీ అడుగుతుందని, రెండు రోజులుగా విరేచనం కాలేదని, రాత్రి పక్క మార్చాలని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ఒక మనిషి జ్ఞాపకం పోయినప్పుడు ఆ బరువంతా పక్కమనిషి నెత్తికి ఎక్కుతుంది. ఇద్దరి మతి ఒక్కరు మోయాలి. మోస్తూ మోస్తూ నా బీపీ మాత్రలు తొమ్మిది రోజులు మర్చిపోయాను. పొయ్యి మీద పాలు పెట్టి బట్టలు ఆరెయ్యడానికి డాబా ఎక్కాను. గిన్నె మాడిన వాసనకు పక్కింటావిడ కేకలేసింది. ఆ సాయంత్రం న్యూజెర్సీ నుంచి తమ్ముడు ఫోన్‌లో గంటసేపు కూర్చుని, అలారాలు, మందుల పట్టిక, అన్నం నిద్ర రాసుకునే పేజీ అన్నీ నా ఫోన్‌లో అమర్చాడు. ఆ పేజీ వాడికీ, కాకినాడలో ఉన్న చెల్లికీ కూడా కనపడుతుంది. చెల్లి రోజూ రాత్రి చూసి, "అక్కా, ఇవాళ నీ మాత్ర దగ్గర టిక్కు లేదు" అని మెసేజ్ పెడుతుంది. ఆ మెసేజ్ కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఆ సంగతి దానికి చెప్పలేదు.

యంత్రం అన్ని చోట్లా ఇలా ఒదగలేదు. అసురసంధ్య వేళకు అమ్మలో ఏదో కదులుతుంది. రెండు చీరలు, ఒక దువ్వెన, కుంకుమభరిణ మూట కట్టుకుని "మా ఇంటికి పోతాను" అంటుంది. పొద్దు వాలేటప్పుడు ఇలా అలజడి పెరగడం ఈ జబ్బులో మామూలేనని తర్వాత తెలిసింది. ఒకసారి నేను స్నానం చేసి వచ్చేలోపు తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. గంటన్నర తర్వాత తొలిపావంచా దగ్గర, కొబ్బరికాయలు కొట్టే చోట, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే పూలమ్మే అమ్మాయి గుర్తుపట్టి ఫోన్ చేసింది. గిరిప్రదక్షిణ మొదలయ్యేది అక్కడే. నలభై ఏళ్ళు నడిచిన కాళ్ళు అటే తీసుకుపోయాయి.

ఆ తర్వాత ఎక్కడుందో ఫోన్‌లో చూపించే బిళ్ళ ఒకటి తమ్ముడు పంపాడు. దాన్ని నల్లపూసల పక్కన కడుతుంటే మా పిన్ని, "ఆవు మెడలో గంట కట్టినట్టుందే" అంది. రెండు రోజులు ఆ మాట నన్ను కొరికేసింది. చివరికి కట్టాను. ఆ బిళ్ళ లేకపోతే నేను తలుపుకు బయట గొళ్ళెం పెట్టాలి. గంట కట్టిన ఆవు కొండంతా తిరుగుతుంది, కట్టుకొయ్యకు కట్టిన ఆవు తిరగదు. ఇప్పుడు సాయంత్రాలు అమ్మను ఆపడం మానేశాను. మూట పట్టుకుని బయల్దేరితే పదడుగుల వెనక నేనూ నడుస్తాను. వీధి చివర వేపచెట్టు దాకా వెళ్ళి, నన్ను చూసి "ఇటేనా?" అంటుంది. ఇటేనమ్మా అని ఇంటికి తీసుకొస్తాను.

కెమెరా విషయంలో మాత్రం నేను తప్పు చేశాను. అమ్మ గదిలో కెమెరా పెట్టించి, బ్యాంకు పని మీద ఆశీలుమెట్ట వెళ్ళినప్పుడు వరసలో నిలబడి ఫోన్‌లో చూశాను. అమ్మ చీర మార్చుకుంటోంది. కొంగు ఎటు వెయ్యాలో తెలియక తిప్పుకుంటోంది. నా వెనక ఎవరో నిలబడి ఉన్నారు. ఫోన్ గుండెలకు అదుముకున్నాను. పిల్లల ముందైనా తలుపు వెయ్యకుండా చీర కట్టని మనిషి ఆమె. సిగ్గన్న మాట మర్చిపోయి ఉండవచ్చు, కానీ ఆమె సిగ్గును కాపాడవలసింది నేను కదా. ఆ రోజే కెమెరాను వీధితలుపు వైపు తిప్పేశాను. చూడటం వేరు, తలుచుకోవడం వేరు. వరాహస్వామి శ్లోకంలో చూస్తూ ఉంటానన్న మాట లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసపోర్ట్ అని, ఇలాంటి ఇళ్ళవాళ్ళ కోసం ఫోన్‌లోనో కంప్యూటర్లోనో నేర్చుకునే పాఠాలు తెచ్చింది. ఐదు భాగాలు, 23 పాఠాలు. బెంగళూరు నిమ్హాన్స్‌వాళ్ళు వాటిని మన దేశపు కుటుంబాలతో పరీక్షించి చూశారు. చేరినవాళ్ళలో సగానికి పైగా చివరిదాకా నిలవలేదు. మోసేవాళ్ళ దిగులు గానీ భారం గానీ తగ్గినట్టు తేలలేదు. ఒక్కటి మాత్రం మారింది: జబ్బుపడ్డవాళ్ళను మనిషిగా చూసే దృష్టి మెరుగైంది. ఇది చదివి ఫలితం తక్కువనుకునేవాళ్ళు ఉంటారు. నాకలా అనిపించదు. కట్టెలా ఉన్నదాంట్లో మనిషిని చూడగలగడమే కదా శ్లోకం అడిగేది. మధ్యలో మానేసినవాళ్ళనూ నేను తప్పుపట్టను. పాఠం విప్పి పది నిమిషాలు కూర్చునే తీరికే ఉంటే సగం కష్టం తీరినట్టే.

ఆ పాఠాలు నేనూ చదివాను. ఎదురు చెప్పకు, సరిదిద్దకు, మాట వెనక ఉన్న భావానికి జవాబు చెప్పు అని ఉంటుంది. అమ్మ ఇప్పుడు నన్ను "అక్కా" అంటుంది. పోయి ఇరవై ఏళ్ళయిన మా పెద్దమ్మను నాలో చూస్తోంది. మొదట్లో "అక్కను కాదమ్మా, నీ కూతుర్ని" అనేదాన్ని. "మరి అక్కేదీ?" అనేది. పోయిందని ఒకసారి చెప్పాను. అప్పుడే కబురందినట్టు ఏడ్చింది. గంట తర్వాత మళ్ళీ అడిగింది. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. నిజమే చెప్పాలన్న పట్టుతో, దొంగల నుంచి పారిపోతున్నవాళ్ళు ఎటు వెళ్ళారో దొంగలకే చెప్పి నరకానికి పోయిన తపస్వి కథ. ఆ కథ పాఠంగా చెప్పినప్పుడు పిల్లలు, "మరి అబద్ధం చెప్పొచ్చా టీచర్?" అని అడిగేవారు. నేను తడబడేదాన్ని. ఇప్పుడు "అక్కా" అంటే "ఏమ్మా" అంటాను, అంతే. అక్కనని చెప్పను, కాదనీ చెప్పను. పిలుపు ఆప్యాయంగా ఉంది, పలకడంలో అబద్ధం లేదు.

ఆ 23 పాఠాల్లో మూడో భాగం పేరు తెలుగులో చెప్పాలంటే 'నన్ను నేను చూసుకోవడం'. దాన్ని విప్పకుండా నాలుగులోకి దూకాను. ఆ సుఖాలు తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అక్కడే నేను విరిగాను.

కిందటి కార్తీకంలో ఒక రాత్రి అమ్మ ఆరుసార్లు లేచింది. ఏడోసారి పక్క తడిసిపోయింది. బట్టలు మారుస్తుంటే నా చెయ్యి గీరి, "దొంగముండా, ఎవత్తివే నువ్వు" అంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని గట్టిగా లాగాను. గాజు చిట్లింది. అమ్మ చెయ్యి మీద సన్నటి ఎర్రగీత. ఆమె మరుక్షణం మర్చిపోయింది. ముక్కలు ఏరుతున్న నన్ను చూసి, "చెయ్యి తెగుతుంది, జాగ్రత్తమ్మా" అంది.

టెలీమానస్ అని 14416కి రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చెయ్యవచ్చని, పెద్దవాళ్ళ విషయాలకు 14567 ఉందని నా ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను. ఆ రాత్రి వేళ్ళు ఆడలేదు. ఎవరో తెలియనివాళ్ళకు, అమ్మను కొట్టినంత పని చేశానని ఎలా చెప్పను? మాలాంటివాళ్ళే అరవై మంది ఉన్న ఒక వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. అక్కడ డైపర్ల ధరలు, నిద్రమాత్రల అనుమానాలు, మింగడం కష్టమైనవాళ్ళకు జావ ఎంత చిక్కగా ఉండాలో లాంటివి రాసుకుంటారు. రెండు గంటల పది నిమిషాలకు అందులో ఒక్క ముక్క రాశాను: "ఇవాళ అమ్మ గాజు నా చేతిలో చిట్లింది." నిమిషం గడవలేదు, రాజమండ్రి నుంచి భార్యను చూసుకునే ఒక పెద్దాయన గొంతు వచ్చింది. తప్పని అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. "అమ్మా, నువ్వు ఆపకుండా నాలుగు గంటలు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు.

లెక్కపెట్టబోయాను. గుర్తురాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

పొద్దున్నే 14416కి కూడా చేశాను. తెలుగులోనే ఒకమ్మాయి ఓపికగా విన్నది. వారానికి రెండు రాత్రులు పనిమనిషి పడుకునేలా తమ్ముడూ చెల్లీ ఏర్పాటు చేశారు. ఆ రెండు రాత్రులూ నేను పక్క గదిలో తలుపేసుకుని నిద్రపోతాను. అయినా ఎక్కువసార్లు నాకు గుర్తొచ్చేది ఆ పెద్దాయన ప్రశ్నే. కట్టెలా రాయిలా పడి ఉన్నది ఆ రాత్రి అమ్మ కాదు, నేను. నన్ను తలుచుకున్నవాళ్ళు ఒకరు రెండు వందల కిలోమీటర్ల దూరంలో మేలుకుని ఉన్నారు. ఆ గొంతు నా దాకా తెచ్చింది ఫోనే. కానీ ఆ ప్రశ్న ఫోన్‌కు పుట్టేది కాదు, ఆయన నిద్ర పోగొట్టుకున్న రాత్రుల్లో పుట్టింది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకు ఏ యాప్ మంచిదని నన్ను అడుగుతుంటారు. అవతలి వైపు మనిషి ఉన్నది ఏదైనా మంచిదే అంటాను.

చందనోత్సవం నాడు పక్కింటావిడ ఓదార్పుగా ఒక మాట అంది. ఏడాదిలో ఆ ఒక్క అక్షయ తృతీయ నాడే స్వామి నిజరూపం కనపడుతుంది, మీ అమ్మగారూ అలాగే చందనం కింద ఉన్నారమ్మా, ఎప్పుడో ఒకరోజు నిజరూపం చూపిస్తారు అని. మంచిమాటే. కొన్నాళ్ళు నేనూ అలా ఎదురుచూశాను, ఒక చూపు, ఒక పాత నవ్వు కోసం. ఇప్పుడు చూడటం లేదు. మణుగుల కొద్దీ చందనం అరగదీసి మళ్ళీ పూస్తారు. మిగిలిన రోజులన్నీ మేం మొక్కేది ఆ చందనంతో ఉన్న స్వామికే. ఆ రోజుల్లో గుడి ఖాళీగా ఉండదు.

గీత పదిహేనో అధ్యాయంలో స్మృతి, జ్ఞానం, అపోహనం మూడూ నా వల్లనే అంటాడు కృష్ణుడు. అపోహనమంటే పోవడం. మరుపునూ ఇచ్చేది నువ్వేనా అని ఆ మాట మీద నాకు చాలా కోపం ఉండేది. ఆ కోపం పూర్తిగా పోయిందని చెప్పను. రామానుజులు దానికి రెండర్థాలు చెప్పారు: జ్ఞానం తొలగిపోవడం, లేదా ఊహ. రెండో అర్థం ఎందుకు చెప్పారో నాకు మొన్న తెలిసింది. అమ్మ నా ముఖం చాలాసేపు చూసి, "నువ్వెవరో తెలియడం లేదు గానీ, మా వాళ్ళ పిల్లవే అయ్యుంటావు" అంది. జ్ఞాపకం లేదు. ఊహ ఉంది. ఆ ఊహ సరిగ్గా వచ్చి నా దగ్గర వాలింది.

దాశరథీ శతకంలో కంచెర్ల గోపన్న ఒక పద్యంలో, కఫం గొంతు నిండి చుట్టాలు కమ్ముకున్న ఆ వేళ నీ స్మరణ వస్తుందో రాదో, అందుకే ఇప్పుడే చేసేస్తున్నానని రాముడితో అంటాడు. పెరియాళ్వారు కూడా శ్రీరంగనాథుడికి ఇదే మొర పెట్టుకున్నాడు, అప్పటికి ఇప్పుడే చెప్పి పెట్టానని. జబ్బు తేలిన ఏడాదే, ఇంకా నోటికి పద్యాలు తిన్నగా వస్తున్నప్పుడు, అమ్మ చేత శతకంలో నలభై పద్యాలు చదివించి ఫోన్‌లో దాచాను. ఆ పద్యమూ అందులో ఉంది. ఎందుకే ఇదంతా అంటే, తమ్ముడు వింటాడట అని చెప్పాను.

సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇప్పుడది పెడుతున్నాను. మూట కట్టబోతున్న అమ్మ చేతులు ఆగుతాయి. ఫోన్ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. పద్యం చివర "దాశరథీ" అని గొంతు లేచే చోట పెదవులు కదులుతాయి, కొన్నిసార్లు మాట కూడా వస్తుంది. నిన్న సాంతం విని నన్ను అడిగింది.

"ఎవరక్కా ఆవిడ? చక్కగా చదువుతోంది."

"మన ఊరావిడే."

"పొద్దుట్నించీ చదువుతున్నట్టుంది. గొంతు ఆరిపోదూ, మంచినీళ్ళివ్వు."

గ్లాసు తెచ్చి ఇచ్చాను. అమ్మ రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, ఫోన్ పక్కన పెట్టింది.